ఏడు బొమ్మల ట్రేసింగు సారు

కిందటి నెల ఒక మంగళవారం పొద్దున మా బస్తీ మూలనున్న ఎస్‌టీడీ బూత్ అక్క గోడ అవతలి నుంచి కేకేసింది. "మేస్త్రీ, నీకు నారాయణగూడ కెళ్లి ఫోను. పెట్టేయకుండ పట్టుకున్నరు, జల్ది రా." చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అవతల మాట్లాడింది జిరాక్సు షాపాయన. "ట్రేసింగు సారు పోయిండే. పొద్దుగాల చాయ్ అడిగిండట. ఇంట్లోళ్లు తెచ్చేలోపల పోయిండు." అంత పెద్ద మాట విని నేను అడిగింది ఒకటే, "చాయ్ తాగలేదా అయితె?" అని. అవతల ఆయన "లేదన్న" అని పెట్టేశాడు.

ఈ నాలుగు మాటలు రాస్తూ నేను ఏడవడం లేదు. చావు కబురు రాస్తూ సంబరంగా ఉన్నాడేమిటి ఈ ముసలాయన అని మీరు అనుకోవచ్చు, అనుకోండి. మా బిడ్డ పేరు అచ్చులో చూసి నాలుగు నెలలయింది, ఆ సంతోషం నాకు ఇంకా దిగలేదు. ఆ పేరు చెరిపేయాలని చూసిన మనిషి మీద కోపం కూడా దిగలేదు. దిగాలని నేను కోరుకోవడం లేదు. ఈ రెండింటినీ ఒకే గుండెలో పెట్టుకుని బజారులో తిన్నగా ఎట్లా నడవాలో నాకు నేర్పినవారు ట్రేసింగు సారు. అందుకే ఆయన గురించి చెప్పుకుంటూ ఆ కోపాన్ని దాచిపెడితే ఆయనకు ద్రోహం చేసినట్టు అవుతుంది.

నేను పాలమూరు వైపు నుంచి వయసులో ఉన్నప్పుడే తాపీ పట్టుకుని ఈ పట్నానికి వచ్చినవాణ్ణి. ఏడో తరగతి వరకు వెళ్లాను, అదీ పూర్తి చేయలేదు. చిక్కడపల్లిలో, అశోక్‌నగర్‌లో నేను కట్టిన గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి పక్క నుంచి పోయేటప్పుడు ఒకసారి చేత్తో తడిమి పోతాను. మాకు ఒక్కతే బిడ్డ. నేను ఇటుకలు మోసిన పనిలోనే, అంటే కట్టడాల ఇంజనీరింగులోనే, ఆమె పెద్ద చదువు చదివి, డాక్టరు పట్టా కోసం ఊరవతల ఒక సంస్థలో పరిశోధనకు చేరింది. సంస్థ పేరు రాయను. రాస్తే ఆమె ఊరుకోదు.

ఆమె పరిశోధన ఇటుక పొడి మీద. పాత కట్టడాల సున్నంలో సుర్కి, అంటే మెత్తగా దంచిన ఇటుక పొడి, కలిపేవారని చిన్నప్పుడు నేనే ఆమెకు చెప్పాను. సిమెంటు తగ్గించి ఆ పొడి ఎంత కలిపితే కాంక్రీటు బలం పోకుండా ఉంటుందో తేల్చాలని మూడేళ్లు కూర్చుంది. ఇటుకలు దంచింది నేను. గుడ్డలో జల్లెడ పట్టింది మా ఇంటామె. సంస్థలో నీళ్లతొట్టి ఎప్పుడూ వేరేవాళ్లకే ఖాళీ అయ్యేది కాబట్టి, సగం కాంక్రీటు దిమ్మలను మా ఇంటి ముందర డ్రమ్ములో నానబెట్టుకున్నాం. ఏడో రోజు కొన్ని, ఇరవై ఎనిమిదో రోజు కొన్ని తీసి, సంచిలో వేసుకుని బస్సులో తీసుకుపోయి, సంస్థ మిషను కింద పెట్టి నలగ్గొట్టేవాళ్లం. ఎంత బరువుకు పగిలిందో అంత బలం. ఆ అంకెలన్నీ చుక్కలు, ఆ చుక్కలన్నీ కలిపితే గీతలు, ఆ గీతలు ఏడు బొమ్మలు. ఆ ఏడు బొమ్మలతో ఒక పేపరు రాసి విలాయతులో ఒక పెద్ద జర్నలుకు పంపాలి. పేపరు అచ్చయితేనే మా బిడ్డ చదువుకు విలువ, కొలువుకు దారి.

బొమ్మలు చేత్తో పెన్సిలుతో గీసి పంపితే జర్నలువాళ్లు తీసుకోరు. నల్ల ఇంకుతో, ఒకే మందం గీతతో, అక్షరాలు అచ్చు పోసినట్టు ఉండాలి. అందుకని ఎవరో నారాయణగూడలో ఒక గది చూపించారు. కింద జిరాక్సు షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన ఒకే కిటికీ. కిటికీ కింద వాలుగా పెట్టిన బల్ల, దాని మీద ట్రేసింగు కాగితం, దాని మీద వంగిన ఒక సన్నటి మనిషి. ప్రభుత్వ ఆఫీసులో నక్షాలు గీసి రిటైరై, ఇప్పుడు పరిశోధన చేసే పిల్లల బొమ్మలు గీస్తున్నారు. అందరూ ట్రేసింగు సారు అనేవారు. నాకు కూడా చివరిదాకా అదే పిలుపు.

ఆయన తల ఎత్తకుండానే, "ఏం మేస్త్రీ, బిడ్డ సదువుకు నువ్వెందుకొచ్చినవ్?" అన్నారు. నేను మేస్త్రినని ఎట్లా తెలుసని అడిగితే, నా గోళ్లు చూపించారు.

"దిమ్మలు నేనే పోసిన సారు," అన్నాను.

"అట్లయితె కూసో. సగం ఇంజనీరువే నువ్వు."

మా బిడ్డ కాగితాలు ఒక్కొక్కటిగా కిటికీ వెలుగులో పెట్టి చూశారు. నాలుగో బొమ్మ దగ్గర వేలు ఆగింది. "ఏడో రోజు చుక్క గుంతల పడ్డదేంది బిడ్డా? మిగతవన్నీ మెట్లెక్కినట్టు మంచిగ ఎక్కుతున్నయి."

మా బిడ్డ నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. చివరికి నేనే చెప్పాను. "రెండు దినాలు నల్లా రాలే సారు. మా ఇంటామె డ్రమ్ముల నీళ్లతోని గిన్నెలు తోమింది. మూడు దిమ్మలు ఎండిపోయినయి."

ఆయన నవ్వడం మొదలుపెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మళ్లీ నవ్వారు. "ఇన్నేండ్ల సంది ఎన్నో గ్రాఫులు గీసిన. గిన్నెలు తోమిన గ్రాఫు ఇదే మొదలు."

"ఆ చుక్క తీసేద్దామనుకుంటున్న సార్," అంది మా బిడ్డ. "గీత సాఫ్ వస్తది. బస్తీ డ్రమ్ము ముచ్చట పేపర్ల ఏం రాస్త?"

"రాసుడు సిగ్గయితె ఇప్పుడు రాయకు, అడిగిననాడు చెప్పు. చుక్కయితె తియ్యకు. చెడ్డదైనా నువ్వు పెట్టిన చుక్క అది. నేను గీస్త."

గీశారు. పది రోజులు పట్టింది. నేను పని లేనప్పుడల్లా వెళ్లి ఆయన గదిలో కూర్చునేవాణ్ణి. ఒక మనిషి పని చేస్తుంటే చూడడం నాకు ఇష్టం. ఇంకు ఆరేదాకా ఫ్యాను వెయ్యరు, మాట్లాడరు, చాయ్ వచ్చినా చూడరు. తప్పు పడితే సగం విరిచిన గడ్డం బ్లేడుతో ఇంకును గీకి, గోరుతో ఆ చోటు నున్నగా రుద్ది మళ్లీ గీసేవారు. గోడకు సిమెంటు పూసి నున్నగా తేల్చేటప్పుడు నా చెయ్యి ఎట్లా తిరుగుతుందో ఆయన గోరు అట్లాగే తిరిగేది. పని అయ్యాక పెన్నులన్నీ విప్పి కడిగి, వరసగా గుడ్డ మీద పడుకోబెట్టేవారు.

బొమ్మలు పూర్తయ్యాక చిక్కడపల్లిలో ఒక ఫోటో స్టూడియోలో ఇచ్చి నున్నటి కాగితం మీద ప్రింట్లు తీయించేవారు. జర్నలుకు ఆ ప్రింట్లు పంపాలి. తీసుకొచ్చాక ఒక్కొక్క ప్రింటును అద్దం పలక మీద బోర్లించి, మెత్తటి పెన్సిలుతో వెనకాల మూడు సంగతులు రాసేవారు. రాసినవారి పేరు, బొమ్మ నంబరు, పై వైపు ఏదో చూపించే ఒక బాణం. గట్టిగా ఒత్తితే ముందువైపు గాడి పడుతుందని ఊపిరి బిగబట్టి రాసేవారు. మా బిడ్డ పేరు ఇంగ్లీషులో ఏడుసార్లు వరసగా చూసి, ఆ అక్షరాలను నేను అక్కడే గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

"అచ్చేసెటోళ్లు ఎనక చూస్తరా సారు?" అని అడిగాను.

"పెద్దోళ్లు చూడరు మేస్త్రీ. పెద్దోళ్లు ఎన్నడు బొమ్మ తిరగేసి చూడరు. చూసెటోడు వేరే ఉంటడు."

ఆ మాట ఎంత లోతైనదో అప్పుడు నాకు తెలియలేదు. ఆయన సాయంత్రం నడకకు నన్ను వెంట తీసుకుపోయిన రోజు కొంచెం తెలిసింది.

గది మూసి, నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా రోజూ నడిచేవారు. ఆరోజు ఒక డాబా ఇంటి ముందర ఆగారు. తలుపు తెరిచే ఉంది, లోపల కుర్చీలో ఒక పెద్దాయన పేపరు చదువుతున్నాడు. సారు రెండు చేతులు జోడించి, "నమస్తే సార్," అన్నారు, చాలా మర్యాదగా. పెద్దాయన పేపరు ఇంకా పైకి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సారు నడక సాగించారు.

"ఎవరు సారు ఆయన?"

"మా పాత సాహెబు. కాలువ తూముల నీళ్లు ఎంత జోరు మీద పోతయో ఒక్క బొమ్మల చూపించే తరీక నేను కనిపెట్టిన. రెండేండ్లు కూసొని గీసిన. ఆయన దాన్ని పేపరు రాసి ఇంజనీర్ల పుస్తకంల ఏయించుకున్నడు. నా పేరు లేదు. చివర్ల థాంక్సు చెప్పిన జాగల కూడ లేదు."

"మరి నమస్తే ఎందుకు పెడ్తున్నరు?"

"మరిచిపోతడని. రిటైరైనప్పటి సంది రోజు వచ్చి పెడ్తున్న. మొదట్ల గేటు కాడ కూసుండెటోడు. తర్వాత అరుగు మీదికి పోయిండు. ఇప్పుడు దర్వాజ లోపలికి జరిగిండు. ఇంకొన్నేండ్లు నా కాళ్లు నడిస్తె వంటింట్లకు తోలుత."

అప్పటినుంచి ఏ పిల్లల బొమ్మ చేతికి వచ్చినా వెనక పేరు రాయకుండా వదల్లేదట. జర్నలు నియమం అది, నిజమే, కానీ నియమం లేకున్నా ఆయన రాసేవారని నా నమ్మకం. ఆరోజు ఇంటికి వస్తూ నేను చాలా నవ్వుకున్నాను. నా బిడ్డకు కూడా అదే జరగబోతుందని నాకేం తెలుసు.

పేపరు, బొమ్మలు అన్నీ గైడు గారికి ఇచ్చాం. పరిశోధన చేయించే పెద్దమనిషిని గైడు అంటారు. ఆయన చేతి మీదుగానే జర్నలుకు పోవాలి, అది పద్ధతి. నెల దాటాక ఒకరోజు మా బిడ్డ సంస్థ నుంచి వచ్చి చెప్పులు విడవకుండా మంచం మీద కూర్చుంది. వాళ్లమ్మ ఏమైందంటే చెప్పదు. నేను అడిగితే చెప్పింది. ఆఫీసులో వేరే కాగితం వెతుకుతుంటే జర్నలుకు పంపిన దాని నకలు కనిపించిందట. మొదటి పేజీ కొత్తగా టైపు చేయించారు. రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి గైడు గారిది. రెండోది ఆయన బామ్మర్దిది. ఆ బామ్మర్ది ఎక్కడో సిమెంటు కంపెనీలో పని చేస్తాడు, ప్రమోషనుకు ఒక పేపరు కావాలట. మా దిమ్మలను ఆయన ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు.

"పేరొక్కటే పోతె పోనీ అనుకుందును నాయినా," అంది. "ఇది వాళ్ల పేరు మీద అచ్చయితె, రేపు నా థీసిస్ పుస్తకం చూసినోళ్లు నేనే వాళ్లది కాపీ కొట్టిన్నంటరు. మూడేండ్ల పని నాది కాకుండ పోతది."

అయ్యలారా, ఆ పూట నాకు వచ్చిన ఆలోచన ఇది. నాకు తెలిసిన ట్రాక్టరు డ్రైవర్లు ఇద్దరున్నారు. గైడు గారి ఇల్లు దోమలగూడలో. ఆయన గేటుకు అడ్డంగా ఒక ట్రాక్టరు కంకర పోయించి, ఆయన దాని మీద నుంచి ఎక్కి దిగుతూ డ్యూటీకి పోతుంటే ఎదురుగా నిలబడి చూడాలని. ఇప్పటికీ అది చెడ్డ ఆలోచన అని నాకు అనిపించదు. డ్రైవరుతో మాట్లాడి, మంచి పని చెయ్యబోతున్నానని చెప్పుకోవడానికి ట్రేసింగు సారు గదికి పోయాను.

ఆయన అంతా విన్నారు. కోపం రాలేదు. పెన్ను కడుగుతూ ఒకటే అడిగారు. "బొమ్మలు? కొత్తగ గీయించిండ్రా, మనయే పోయినయా?"

"మీరు గీసినయే సారు. పైన పేజీ ఒక్కటే మార్చిండు."

సారు పెన్ను గుడ్డ మీద పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు చప్పుడు లేకుండా నవ్వారు. "ఏడు బొమ్మల ఎనక నీ బిడ్డ పేరున్నది మేస్త్రీ. తిరగేసి చూడలే. నేను చెప్పలేదా."

"అయితె ఇయ్యాల్నే జర్నలోళ్లకు ఉత్తరం రాద్దాం."

"ఎందుకు? మనం రాస్తె అది ఫిర్యాదు. శిష్యురాలికి కోపమొచ్చింది, ఏదో రాసిందంటడు. వాళ్లంతట వాళ్లే అడిగితె ఇజ్జత్ పోతది. ఆ ఆఫీసుల కూడ నాలాంటోడు ఒకడు కూసొని ఉంటడు. బొమ్మ తిరగేసి చూసుడే వాని కొలువు. ఆగు."

"కంకర సంగతి?"

"కంకర మున్సిపాలిటోడు ఎత్తుకపోతడు. అచ్చులో పడ్డదాన్ని ఎవడు ఎత్తుకపోతడు?"

నాకు ఆ మాట లడ్డూ తిన్నట్టు అనిపించింది. ఇంటికి వచ్చి మా బిడ్డకు చెప్పాను. ఆమెకు అట్లా అనిపించలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కి, సారు ముందర నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ ఇద్దరికి ఆయన ఇజ్జత్ తీసుడు కావాలె సార్. నాకు నా పేరు కావాలె. రెండు ఒకటి కావు. ఆ ఆఫీసుల మనిషి చూడకుంటె? సెలవు మీద పోతె? నా పేరు పెట్టి మీరు ఆటాడుతున్నరు."

సారు కళ్లద్దాలు తీశారు. "నిజమే బిడ్డా. ఆశ నాదే, నా పాత కోపం నీ మీద పెట్టి తీర్చుకుంటున్న. ఒక్క నెల ఇయ్యి. అప్పటిదాంక ఏం రాకుంటె, నీ రిజిస్టర్లు, దిమ్మల లెక్కలు అన్ని పట్టుకొని రా. ఉత్తరం నేనే దగ్గరుండి టైపు చేయిస్త, సాక్షి సంతకం నేనే పెడ్త."

ఆమె ఆ నెల ఇచ్చింది. ఇవ్వాల్సింది కాదు, అయినా ఇచ్చింది. ఆ నెల రోజులు ఆమె సగం అన్నం కంచంలోనే వదిలేయడం నేను చూశాను. ఒక్క ఉత్తరంతో తీరే బాధను, ఒక మనిషి తల వంచడం చూడాలన్న నా కోరిక కోసం పొడిగించాను. గెలిచాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను, ఓడి ఉంటే నా మొహం ఎవరికీ చూపించి ఉండేవాణ్ణి కాదు.

నెల ఇంకా అయిదు రోజుల్లో ముగుస్తుందనగా గైడు గారు మా బిడ్డను తన గదికి పిలిపించారు. ఆమె అక్కడి నుంచి నేరుగా నారాయణగూడకు వచ్చింది. నేను అప్పటికే అక్కడ ఉన్నాను, ఎక్కడికి పోతాను మరి. ఆమె చెప్పింది ఇది. జర్నలు నుంచి ఉత్తరం వచ్చింది, రెండు ప్రశ్నలు. బొమ్మల వెనక ఉన్న పేరు ఎవరిది, రాసినవారి పేర్లలో అది ఎందుకు లేదు, మొదటిది. నాలుగో బొమ్మలో ఏడో రోజు చుక్క ఎందుకు పడిపోయింది, రెండోది. గైడు గారు మొదటి ప్రశ్న సంగతి ఎత్తకుండా రెండోది అడిగారట. "ఆ చుక్క ఏమిటమ్మా, అలా దిగింది?" అని.

"నువ్వేమన్నవ్?" అన్నారు సారు.

"రాసినోళ్లు చెప్పాల్సిన జవాబు కద సార్ అది, అన్న."

ట్రేసింగు సారు చేతిలో ఉన్న పెన్సిలు బల్ల మీద పెట్టేశారు. "అప్పుడు ఆయన కూసున్నడా, నిలబడ్డడా?"

"కూసున్నడు. తర్వాత లేసి కిటికీ కాడికి పోయిండు."

"మల్ల చెప్పు. మొదటి సంది చెప్పు. గ్లాసుల నీళ్లు తాగిండా?"

ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ మేము పిల్లల్లాగా విన్నాం. నెల రోజుల తర్వాత ఆ పిల్ల మొహంలో మొదటిసారి నవ్వు వచ్చింది, మమ్మల్ని చూసి. "మీరిద్దరు మారరు," అంది.

గైడు గారు ఇంక ఏం చెయ్యలేరు. మొదటి పేజీ మళ్లీ టైపు చేయించాలి. బామ్మర్ది పేరు పోయింది. మా బిడ్డ పేరు పైకి వచ్చింది. గైడు గారు మొహం చిట్లించుకుని, "నాకు ఈ పేపరుతో ఏ సంబంధం వద్దు, నా పేరు తీసెయ్యి," అన్నారట. మా బిడ్డకు తీసెయ్యాలనే ఉంది, నాకు కూడా. చెత్త ఊడ్చిపడేసినట్టు ఉంటుంది అనుకున్నాను. ట్రేసింగు సారు మాత్రం చెయ్యి అడ్డం పెట్టారు.

"తియ్యకు. కిందుండనీ. పేరు తీస్తె ఆయనకు ఛుట్టీ. పెడితె, ఆయన బయోడేటా రాసినప్పుడల్ల నీ పేరు ముందు రాసి తన పేరు ఎనక రాసుకోవాలె. ఆ పుస్తకం ఎక్కడెక్కడ లైబ్రరీల ఉన్నదో అక్కడల్ల నీ కింద కూసుంటడు. రిటైరైనా, సచ్చిపోయినా కూసుంటడు. ఇంత మంచి కుర్చీ ఆయనకు ఎవరేస్తరు?"

ఇంత శుభ్రమైన పగ నేను ఎక్కడా చూడలేదు. రక్తం లేదు, తిట్టు లేదు. మా బిడ్డ ఒప్పుకుంది. అది పగ కోసం కాదని, మూడేళ్లు ఆయన కింద పని చేసిన మాట నిజం కాబట్టి ఆ పేరు ఉండడమే న్యాయమని ఆమె అంది. ఆమెది న్యాయం, మాది పగ. రెండింటికీ ఒకే కాగితం సరిపోయింది. జవాబులో ఆమె డ్రమ్ము సంగతి కూడా సిగ్గుపడకుండా రాసింది. ఇంటి దగ్గర నీళ్లు రాక మూడు దిమ్మలు రెండు రోజులు ఎండాయి, దానివల్ల బలం ఎంత తగ్గిందో ఈ చుక్క చూపిస్తుంది అని. జర్నలువాళ్లు ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారట. మా ఇంటామె గిన్నెలు తోమిన సంగతి విలాయతు దాకా పోయిందని బస్తీ అంతా నేనే చాటింపు వేశాను.

అచ్చయిన కాపీలు తపాలాలో వచ్చిన రోజు కట్ట విప్పకుండానే సారు గదికి పట్టుకుపోయాం. నేను పేర్ల మీద వేలు పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదువుతున్నాను. సారు పేర్లు చూడనే లేదు. భూతద్దం పెట్టి బొమ్మలు చూశారు. "మూడో బొమ్మల అడ్డగీత జర పలుచగ పడ్డది. వీళ్లకు ఇంకు పెట్టుడు రాదు," అన్నారు. అప్పటికే పిల్లలు నారాయణగూడలో కంప్యూటరు సెంటర్లకు పోయి బొమ్మలు గీయించుకుంటున్నారు, ఆయన గదికి వచ్చేవాళ్లు తగ్గారు. దాని మీద కూడా ఆయనకు కోపమే, కానీ చాలా మర్యాదగా. "గీయనీ. మిషను పెన్ను కడగదు కద," అనేవారు.

కోపం గురించి ఆయన నాకు చెప్పిన చివరి మాట కూడా అటువంటిదే. "కోపం అందరికి వస్తది మేస్త్రీ. వాడినంక కడిగి పెట్టుకోవాలె. లేకుంటె లోపలనే ఎండిపోయి, మల్ల కావల్సినప్పుడు గీత పడదు." నేను ఎంత కడుక్కున్నానో నాకు తెలియదు. ఆయనంత కడగలేదని మాత్రం తెలుసు.

ఆయన పోయిన రోజు మేం ముగ్గురం పోయాం. మా బిడ్డ ఆయన కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. నేను పాడె ఒక మూల పట్టుకున్నాను. ఎక్కువ మంది రాలేదు. వచ్చినవాళ్లలో సగం మంది ఎప్పుడో ఆయన చేత బొమ్మలు గీయించుకుని, ఇప్పుడు పెద్ద పెద్ద కొలువుల్లో ఉన్నవాళ్లు.

ఆయన పెద్దకర్మ అయిన వారానికి మా బిడ్డకు లెక్చరరు కొలువు ఆర్డరు వచ్చింది. ఆ పేపరు చూసే ఇచ్చారు. ఆ కాగితం మొదట చూపించాల్సిన మనిషి లేరు. నాకు ఆ సంతోషం పట్టుకోవడానికి చోటు చాలలేదు. ఇప్పుడు రాయబోయే సంగతి మా బిడ్డకు తెలియదు. ఇది చదివితే నాలుగు రోజులు నాతో మాట్లాడదు, అయినా ట్రేసింగు సారుకు చెప్పుకోలేని సంగతి మీకైనా చెప్పుకోవాలి.

చిక్కడపల్లిలో మంచి దూద్‌పేడాలు ఒక డబ్బా కట్టించుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, దోమలగూడలో గైడు గారి ఇంటికి పోయాను. ఆదివారం, ఇంట్లోనే ఉన్నారు. ఆయన భార్య తలుపు తీశారు, మంచి మనిషి. ఎవరండీ అంటే ఫలానా అమ్మాయి తండ్రిని, కొలువు వచ్చింది, సారుకు మిఠాయి తెచ్చాను అన్నాను. ఆమె మొహం వికసించింది. లోపలికి తిరిగి గట్టిగా, "ఏమండీ, ఆ పుస్తకంలో మీ పేరు పైన ఉన్న అమ్మాయి, వాళ్ల నాన్నగారు వచ్చారు," అంది.

ఆయన ముందుగదిలో సోఫాలో కూర్చుని ఉన్నారు. నేను డబ్బా మూత తీసి రెండు చేతులతో ముందుకు పెట్టాను. "సార్, మీ కింద సదువుకున్న బిడ్డ. ఒక్కటి తినాలె." ఆయన డబ్బా వైపు చూశారు, భార్య వైపు చూశారు, నా గోళ్ల వైపు చూశారు. ఒక పేడా తీసి నోట్లో పెట్టుకున్నారు. నేను డబ్బా అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. నములుతున్నారు, చాలాసేపు నమిలారు. మీసం మీద కొంచెం పొడి అంటుకుంది. తర్వాత ఆయన గొంతు కదిలింది, పేడా సగం దారిలో ఒకసారి ఆగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ తర్వాత మెల్లగా కిందికి దిగింది.